ఒకే పడవకు రెండుసార్లు ఇంకు: మౌస్‌తో, ట్యాబ్లెట్‌తో నా అనుభవం

ఏ5 కాగితం మీద పెన్సిల్‌తో వేసిన గోదావరి పడవ బొమ్మ ఇది. ముందు భాగంలో తెరచాప పడవ, గెడ పట్టుకుని నిలబడ్డ మనిషి, చుట్టూ చిన్న అలలు, వెనక కొండల వరస, పైన చేతిరాతతో ‘పడవ’ అన్న శీర్షిక. ఈ బొమ్మనే క్రిటా అనే బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్‌లో రెండుసార్లు ఇంకింగ్ చేశాను, అంటే పెన్సిల్ గీతల మీద నల్ల ఇంకు గీతలు వేశాను. మొదటిసారి మామూలు ఆఫీసు మౌస్‌తో, రెండోసారి పెన్నుతో గీసే చిన్న ట్యాబ్లెట్ పలకతో. ఇంకు బ్రష్‌ను పరీక్షించడానికి పడవ మంచి బొమ్మ. ఒక్క ఊపులో లాగాల్సిన పొడవాటి అంచు, పుట్టిన చోట లావుగా ఉండి చివర సన్నబడే అలలు, నల్లగా నింపాల్సిన నీడ, ఇవన్నీ ఒకే చోట దొరుకుతాయి.

ఎక్కువమంది బ్రష్ ప్యాక్‌లు దింపుకోవడంతో మొదలుపెడతారు. దాని అవసరం లేదు. క్రిటాతో పాటే వచ్చే ‘ఇంక్-3 జీపెన్’, ‘ఇంక్-2 ఫైన్‌లైనర్’, ‘ఇంక్-7 బ్రష్ రఫ్’ ఈ మొత్తం పనికి సరిపోయాయి. గీత బాగా రాకపోతే తప్పు బ్రష్‌లో ఉండటం అరుదు. మిల్లీమీటరు చేతి కదలికకు తెర మీద ఎన్ని పిక్సెల్స్ కదులుతున్నాయో, ప్రెషర్ కర్వ్ (ఎంత నొక్కితే గీత ఎంత మారాలో చెప్పే వంపు) ఎలా ఉందో, స్మూతింగ్ (చేతి వణుకును నునుపు చేసే సెట్టింగు) ఎంత పెట్టారో ముందు చూడాలి.

కాన్వాస్ సంగతి. అచ్చుకు వెళ్ళే నలుపు తెలుపు గీత బొమ్మకు 600 డీపీఐ, అంటే అంగుళానికి 600 చుక్కలు పెట్టుకుంటాను. ఏ5 అంటే 148 × 210 మిల్లీమీటర్లు, 600 డీపీఐలో 3496 × 4961 పిక్సెల్స్. ఒక్కో లేయర్ (ఒకదానిపై ఒకటి పరిచే పారదర్శక పొర) నిండితే దాదాపు 69 ఎంబీ. ఏ4 తీసుకుంటే అది రెట్టింపవుతుంది, 8 జీబీ ల్యాప్‌టాప్‌లో బ్రష్ చేతి వెనక ఈడ్చుకుంటూ రావడం మొదలవుతుంది. గీత లావును పిక్సెల్స్‌లో కాక మిల్లీమీటర్లలో ఆలోచిస్తే అచ్చులో మోసపోం. 600 డీపీఐలో 0.2 మిల్లీమీటర్లు సుమారు 5 పిక్సెల్స్, 0.6 అంటే 14, ఒక మిల్లీమీటరు అంటే 24. కొండలకు 5, మనిషికి 14, పడవ అడుగు అంచుకు 24 అని మొదటే కాగితం మీద రాసుకున్నాను. తెర మీద దగ్గరికి లాక్కుని వేసేటప్పుడు 5 పిక్సెల్స్ గీత కూడా మోకులా కనబడుతుంది. దాన్ని చూసి ఇంకా సన్నం చేస్తే అచ్చులో కొండలు మాయమవుతాయి.

స్కాన్ చేసిన పెన్సిల్ లేయర్ ఒపాసిటీని 25 శాతానికి తగ్గించి లాక్ చేశాను. దాని మీద నాలుగు ఇంకు లేయర్లు: కొండలు, పడవ, మనిషి, నీళ్ళు. అక్షరాలకు మరొకటి. అలలన్నీ ఒకే లేయర్లో పడవతో పాటు వేస్తే, తర్వాత ఒక అలను చెరపబోయి పడవ అంచును కొరికేస్తాం.

మౌస్‌తో

మౌస్‌కు ప్రెషర్ లేదన్నది అందరికీ తెలిసిందే. క్రిటా మౌస్ గీతను పూర్తి ఒత్తిడితో వేసిన గీతగానే తీసుకుంటుంది. కాబట్టి జీపెన్ తీసుకుని నేరుగా గీస్తే తల నుంచి తోక దాకా ఒకటే లావు, స్కెచ్ పెన్ను గీసినట్టు. కానీ ప్రెషర్ కన్నా ముందు ఇబ్బంది పెట్టేది మౌస్ వేగం. మౌస్‌కు డీపీఐ అంటే అది అంగుళం కదిలితే కంప్యూటరుకు చెప్పే అడుగుల సంఖ్య. 800 డీపీఐ మౌస్‌ను విండోస్‌లో మధ్య వేగానికి పెడితే, చెయ్యి ఒక మిల్లీమీటరు కదిలితే తెర మీద బాణం సుమారు 31 పిక్సెల్స్ పోతుంది. తర్వాత వాడబోయే ట్యాబ్లెట్‌లో అదే మిల్లీమీటరుకు 12 చిల్లర పిక్సెల్సే. అంటే మౌస్ చేతి వణుకును రెండున్నర రెట్లు పెంచి చూపిస్తోంది. అందుకే మౌస్‌ను 400 డీపీఐకి దింపాను. దింపే బటన్ లేని మౌస్ అయితే పాయింటర్ స్పీడ్ స్లైడర్‌ను రెండు గళ్ళు ఎడమకు జరపాలి. ఆటలకు కొన్న 6,000, 12,000 డీపీఐ మౌస్ బొమ్మలకు పనికొచ్చే గుణమేమీ కాదు, అపకారమే.

దానితో పాటు పాయింటర్ ఆప్షన్స్‌లో ‘ఎన్‌హాన్స్ పాయింటర్ ప్రెసిషన్’ టిక్కు తీసేయాలి. పేరులో ఖచ్చితత్వం ఉన్నా అది చేసేది త్వరణం. చెయ్యి వేగంగా కదిలితే బాణాన్ని ఇంకా దూరం తోస్తుంది. సున్నా చుట్టేటప్పుడు కిందికి వచ్చే సగం వేగంగా, పైకి వెళ్ళే సగం నెమ్మదిగా సాగుతుంది కదా, ఆ టిక్కు ఉంటే సున్నా కోడిగుడ్డవుతుంది.

ఇక బ్రష్. జీపెన్ ఎంచుకుని ఎఫ్5 నొక్కితే బ్రష్ ఎడిటర్ తెరుచుకుంటుంది. ‘సైజ్’లో ప్రెషర్ టిక్కు తీసి ‘స్పీడ్’ పెట్టాను. కర్వ్‌ను తలకిందులు చేయాలి, ఎడమ కొస పైన, కుడి కొస కింద. అప్పుడు నెమ్మదిగా లాగితే లావు, విసిరితే సన్నం. మొదట కుడి కొసను పూర్తిగా సున్నాకు దించాను, గీత కప్పను మింగిన పాములా అక్కడక్కడా ఉబ్బింది. కారణం తేలికే. మామూలు మౌస్ సెకనుకు 125 సార్లు తన స్థానం చెబుతుంది. అరసెకనులో వెయ్యి పిక్సెల్స్ దాటితే మధ్యలో 62 చుక్కలే, అంటే 16 పిక్సెల్స్‌కు ఒకటి. ఆ చుక్కల మధ్య దూరాన్ని బట్టి వేగం లెక్కకడితే అది ఎగుడుదిగుడుగానే ఉంటుంది. కుడి కొసను 60 శాతం దగ్గర ఆపితే ఉబ్బులు కంటికి ఆనవు. తేడా తక్కువే, కానీ గీతలో ప్రాణం ఉంటుంది.

అలలకు స్పీడ్ వద్దు. వాటికి ‘ఫేడ్’ సెన్సర్‌తో వేరే బ్రష్ చేసుకున్నాను. అది బ్రష్ వేసే ముద్రలను లెక్కపెట్టి, పెట్టిన సంఖ్యకు చేరేసరికి సైజును తగ్గించేస్తుంది. రెండు వైపులా సన్నబడే అల కావాలంటే మధ్యలో మొదలుపెట్టి ఒకసారి ఎడమకు, ఒకసారి కుడికి లాగాలి. రెండు లావు మొదళ్ళు ఒకదానిపై ఒకటి పడి ఒకటే అలలా కనబడతాయి. ఇలా మార్చిన బ్రష్‌ను కొత్త పేరుతో సేవ్ చేసుకోవడం మరిచిపోకూడదు. మరో బ్రష్‌కు వెళ్ళి తిరిగొస్తే మార్పులు పోయి మళ్ళీ పాత జీపెన్ దర్శనమిస్తుంది.

స్మూతింగ్ దగ్గర కొంచెం ఆగాలి. టూల్ ఆప్షన్స్‌లో నన్, బేసిక్, వెయిటెడ్, స్టెబిలైజర్ వంటివి ఉంటాయి. స్టెబిలైజర్ గత కొన్ని చుక్కల సగటు తీసి గీస్తుంది. ‘డిస్టెన్స్’ ఎంత పెంచితే అన్ని ఎక్కువ చుక్కలు, అంత నునుపు, అంత ఆలస్యం. ఎవరూ చెప్పని సంగతి ఏమిటంటే, సగటు తీసే ఏ పద్ధతైనా వంపును లోపలికి లాగుతుంది. వంద పిక్సెల్స్ వ్యాసార్థంతో చేతిని తిప్పితే తొంభై పిక్సెల్స్ సున్నానే వస్తుంది, మూలలు గుండ్రమవుతాయి. పొడవాటి పడవ అంచుకు 120 పెట్టినా ఏమీ కాలేదు. మనిషి చేతివేళ్ళకు అదే ఉంచితే వేళ్ళు బెండకాయల్లా నునుపెక్కాయి, కీళ్ళు పోయాయి. వేళ్ళకు, ముఖానికి 30 దాటించలేదు. ‘ఫినిష్ లైన్’ అనే టిక్కు మౌస్ వదిలిన చోటి దాకా మిగిలిన గీతను పూర్తి చేస్తుంది. ఆ చివరి ముక్క తిన్నగా వస్తుంది కాబట్టి వంపుల్లో దాన్ని తీసేసి, చెయ్యి కాస్త ముందుకు పోనిచ్చి వదిలాను.

అసలు సమస్య పడవ అడుగు అంచు. ఎడమ నుంచి కుడికి 2,600 పిక్సెల్స్, మధ్యలో లావు, కొసల్లో సన్నం. మౌస్‌తో దీన్ని ఒక్క ఊపులో లాగడం మొండిపట్టే తప్ప పనికాదు. బెజియర్ కర్వ్ టూల్‌తో మూడు బిందువులు పెట్టి పై అంచు గీశాను. అవే కొసల నుంచి, నడుమ బిందువును 24 పిక్సెల్స్ కిందికి జరిపి రెండో గీత. మధ్య ఖాళీని ఫిల్ టూల్‌తో నింపాను. కుంచెతో ఒత్తి లాగిన గీత లాగే ఉంటుంది, చెబితే తప్ప తెలియదు. నింపినప్పుడు గీతకూ రంగుకూ మధ్య బూడిద రంగు పోగు ఒకటి మిగులుతుంది, గీత అంచులోని సగం పారదర్శక పిక్సెల్స్ అవి. ఫిల్ టూల్‌లో ‘గ్రో సెలెక్షన్’ 2 పిక్సెల్స్ పెడితే మూసుకుంటుంది.

మౌస్ నొక్కేటప్పుడు, వదిలేటప్పుడు చూపుడు వేలి కదలికకు బాణం ఒకటి రెండు పిక్సెల్స్ తుళ్ళుతుంది. గీత కొసలో చిన్న కొక్కెం మిగులుతుంది. దాన్ని ఆపడానికి ప్రయత్నించడం కన్నా చెక్కేయడం త్వరగా అవుతుంది. కీబోర్డులో ‘E’ కీ నొక్కితే అదే జీపెన్ రబ్బరవుతుంది, మళ్ళీ నొక్కితే ఇంకు. కొసను పక్క నుంచి రెండు చెక్కులు చెక్కితే సన్నని మొన వస్తుంది. మౌస్‌తో ఇంకింగ్ అంటే నా లెక్కలో సగం గీయడం, సగం చెక్కడం. చెక్క మీద ఉలి పట్టినవాళ్ళకు ఇది తొందరగా అలవాటవుతుంది.

క్రిటాలో ‘డైనమిక్ బ్రష్’ అనే మరో టూల్ ఉంది. మాస్, డ్రాగ్ అని రెండు సంఖ్యలు. బ్రష్‌కు బరువు తగిలించి తాడుతో లాగినట్టు ఉంటుంది. తాళ్ళకు, తెరచాప మడతలకు బాగుంది, మిగతా చోట్ల విసుగు. గీతలను తర్వాత మార్చుకునే వీలు కావాలనుకునేవాళ్ళు ఇంక్‌స్కేప్ అనే మరో బొమ్మల సాఫ్ట్‌వేర్‌లో పవర్‌స్ట్రోక్ చూడాలి. మామూలు పాత్ గీసి ఆ ఎఫెక్ట్ తగిలిస్తే, గీత మీద వచ్చే పిడులను లాగి ఏ చోట ఎంత లావు ఉండాలో తర్వాత తీరిగ్గా నిర్ణయించవచ్చు. మౌస్ ఒక్కటే ఉన్నవాళ్ళకు ఇంతకన్నా మంచి పనిముట్టు నాకు తెలియదు.

ట్యాబ్లెట్‌తో

వాడినది 152 × 95 మిల్లీమీటర్ల గీసే స్థలం, 2048 ప్రెషర్ లెవెల్స్ ఉన్న చిన్న ట్యాబ్లెట్, బ్యాటరీ అక్కర్లేని పెన్ను. 8192 లెవెల్స్ ఉన్నది లేదే అని బాధపడనక్కర్లేదు. 5 నుంచి 24 పిక్సెల్స్ దాకా మారే గీతలో 19 పిక్సెల్స్ తేడా మాత్రమే ఉంది. ఒక్కో పిక్సెల్‌ను నాలుగు మెట్లుగా విడగొట్టినా వంద కూడా కావు.

ప్లగ్ పెట్టగానే సరిచూడాల్సింది మ్యాపింగ్. ఈ ట్యాబ్లెట్ నిష్పత్తి 16:10, తెర 1920 × 1080 అంటే 16:9. డ్రైవర్ మొత్తం స్థలాన్ని మొత్తం తెరకు అతికిస్తే అడ్డంగా మిల్లీమీటరుకు 12.6 పిక్సెల్స్, నిలువుగా 11.4. చేతితో గుండ్రంగా తిప్పిన సున్నా తెర మీద 11 శాతం వెడల్పుగా పడుతుంది. ‘ఫోర్స్ ప్రపోర్షన్స్’ టిక్కు పెడితే ట్యాబ్లెట్ అడుగున సుమారు 9.5 మిల్లీమీటర్ల పట్టీ చచ్చిపోతుంది, కానీ సున్నా సున్నాలా వస్తుంది. పట్టీ పోయిందని ఈ టిక్కు తీసేసేవాళ్ళున్నారు. వాళ్ళ బొమ్మల్లో మొహాలన్నీ కొంచెం ఉబ్బి ఉంటాయి.

తర్వాత ప్రెషర్ పనిచేస్తోందో లేదో. సెట్టింగ్స్‌లో కాన్ఫిగర్ క్రిటా, అందులో ట్యాబ్లెట్ సెట్టింగ్స్. అక్కడే ట్యాబ్లెట్ టెస్టర్ ఉంటుంది, గీస్తే ప్రెషర్ అంకెలు కనబడతాయి. ఎంత నొక్కినా అంకె ఒకటే ఉంటే అదే పేజీలో విన్‌ట్యాబ్, విండోస్ ఇంక్ అని ఉన్న రెండు దారుల్లో (పెన్ను సమాచారం క్రిటాకు చేరే పద్ధతులివి) రెండోది ఎంచుకుని క్రిటాను మూసి తెరవాలి. తెరవకుండా ‘మార్చాను, పనిచేయలేదు’ అనేవాళ్ళే ఎక్కువ. మరో చిక్కు, పెన్ను ఆనించి కాసేపు నొక్కితే రైట్ క్లిక్ అయ్యే విండోస్ సౌకర్యం. అది ఉన్నంతసేపూ ప్రతి గీత మొదలులో చిన్న తిన్నని ముక్క పడుతుంది. నొక్కి ఉంచుతారేమోనని విండోస్ కాసేపు ఎదురుచూస్తుంది, ఈలోగా చెయ్యి ముందుకు పోతుంది. పెన్ సెట్టింగ్స్‌లో దాన్ని ఆపాక చిన్న అలలు గుండ్రంగా మొదలయ్యాయి.

అదే పేజీలో గ్లోబల్ ప్రెషర్ కర్వ్ ఉంది. అడ్డంగా ఉన్నది చేతి బలం, నిలువుగా ఉన్నది బ్రష్‌కు అందేది. తిన్నని గీతగా వదిలేస్తే, పూర్తి లావు కోసం గట్టిగా అదమాల్సి వచ్చింది. అరగంటకు బొటనవేలు మొద్దుబారుతుంది, నిబ్ కూడా తొందరగా అరుగుతుంది. కర్వ్ మధ్యభాగాన్ని కాస్త పైకి, ఎడమకు లాగితే మూడొంతుల బలానికే పూర్తి లావు వచ్చింది. బాల్ పాయింటు పెన్నుతో కాగితం అవతలి వైపు అచ్చు పడేలా రాసే చేతులకు దీనికి విరుద్ధంగా, మధ్యభాగం కిందికి ఉండాలి. కర్వ్ మొదట్లో కొద్దిగా చదును ఉంచడం కూడా మంచిది, లేకపోతే పెన్ను ఆనీ ఆనగానే వెంట్రుకలాంటి గీతలు పుట్టుకొస్తాయి.

జీపెన్ అన్న పేరు జపాన్ మాంగా చిత్రకారుల ఇనుప నిబ్‌ది. నొక్కితే నిబ్ రెండు కాళ్ళూ విడిపోయి గీత లావెక్కుతుంది. మన శ్రీకాళహస్తి కలం అలా కాదు. వెదురు పుల్లకు చుట్టిన గుడ్డ రంగును పట్టి ఉంచుతుంది, వేళ్ళతో పిండినకొద్దీ రంగు దిగుతుంది. ఒత్తిడి మొనలో కాదు, పట్టులో ఉంటుంది. ట్యాబ్లెట్ పెన్నుకు తెలిసేది మొన ఒత్తిడి మాత్రమే, పెన్నును ఎంత బిగించి పట్టుకున్నా గీతకు ఒరిగేదేమీ లేదు. వదులుగా పట్టుకోవాలి.

పడవ అంచును ట్యాబ్లెట్ మీద ఒక్క ఊపులో లాగాను, నాలుగో ప్రయత్నంలో కుదిరింది. వేళ్ళతో కాదు, మోచేతి నుంచి. చిన్న ట్యాబ్లెట్ కాబట్టి తెరను 30 శాతం జూమ్‌కు తెచ్చి, 4, 6 కీలతో కాన్వాస్‌ను తిప్పుకుని, చెయ్యి సహజంగా విల్లులా తిరిగే దిక్కుకు అంచును అమర్చుకున్నాను. 5 నొక్కితే కాన్వాస్ మళ్ళీ నిటారుగా వస్తుంది. పెన్ను ఆనించే ముందే గాలిలో రెండుసార్లు ఆ దారిన తిప్పి, కదులుతున్న చేతినే కిందికి దించాలి. ముందు ఆనించి తర్వాత కదిలితే మొదట్లో బొట్టు పడుతుంది. ఆగి ఎత్తితే చివర బొట్టు. కొసలో గాలంలా వంకర వస్తోందంటే ఎత్తేటప్పుడు మణికట్టు పక్కకు విదుల్చుతోందని అర్థం. స్టెబిలైజర్ ఇక్కడ అక్కర్లేదు, వెయిటెడ్ చాలు. బేసిక్‌తోనే వేస్తే ఇంకా సజీవంగా ఉంటుంది, కానీ నెమ్మదిగా లాగే ఏటవాలు గీతల్లో కనీ కనబడని అలలు వస్తాయి. అవి చేతివి మాత్రమే కాదు, ట్యాబ్లెట్ పెన్ను స్థానాన్ని కొలవడంలో ఉండే చిన్న తేడాలు కూడా. అదే గీతను కాస్త వేగంగా లాగితే కనబడవు.

నిబ్ ఒక వైపు ఉలిలా చదునెక్కితే మార్చేయాలి, పదునైన అంచు ట్యాబ్లెట్ మీద గీతలు పెడుతుంది. జారుడు ఎక్కువని ట్యాబ్లెట్ మీద కాగితం అంటించుకుంటే పెన్సిల్ పట్టు వస్తుంది, నిబ్‌లు మాత్రం అగరువత్తుల్లా అయిపోతాయి.

‘పడవ’ అన్న మూడక్షరాలు

తెలుగు అక్షరాలు స్మూతింగ్‌కు అసలు పరీక్ష. ఇంగ్లీషు పెద్ద అక్షరాల్లాగా తిన్నని గీతలు లేవు, అంతా వంపే. ప, వ రెండింటికీ కంటికి పెద్ద తేడా తలకట్టు దగ్గరే. ‘వ’కు అది అంటుకుని ఉంటుంది, ‘ప’కు విడిగా ఉంటుంది. స్టెబిలైజర్ 100 పెట్టి మౌస్‌తో రాస్తే ‘ప’ తలకట్టు కిందికి కుంగి ఒళ్ళుకు అతుక్కుంది. ‘వడవ’ అయింది. అందుకే అక్షరం ఒంటి ఎత్తు 500 పిక్సెల్స్, తలకట్టుకు పైన 150, ఒత్తులుంటే కింద మరో 250 అని అడ్డ గీతలు గీసుకుని, ‘ప’లో తలకట్టుకూ ఒంటికీ మధ్య కనీసం గీత లావంత ఖాళీ వదిలాను. 60 పిక్సెల్స్ లావు గీతకు 60 ఖాళీ. పుస్తకం మీద చిన్న సైజులో అచ్చయితే ఇంకు పాకి సగం ఖాళీ పూడిపోతుంది కాబట్టి ఇది పిసినారితనం చూపే చోటు కాదు.

ట్యాబ్లెట్‌తో ప్రెషర్ వల్ల వచ్చే తమాషా వేరు. ‘డ’ వంపు చుట్టేటప్పుడు కిందికి దిగే వైపు చెయ్యి తెలియకుండా నొక్కుతుంది, పైకి లేచే వైపు తేలికవుతుంది. ఒక్క అక్షరంలో అది అందమే. మూడక్షరాల్లో లావు మూడు చోట్ల పడితే మాట ఊగుతుంది. సైజు కర్వ్ కనిష్ఠాన్ని 70 శాతానికి పెంచితే లావు సన్నాల తేడా అదుపులోకి వచ్చింది. బ్రష్ రఫ్ వాడితే అంచులు ఎండు కుంచెలా చిట్లి బాగుంటాయి, అది ఈ శీర్షికకు మాత్రమే, బొమ్మలో కాదు.

చివరి శుభ్రం రెండింటికీ ఒకటే. ఎం కీ నొక్కితే బొమ్మ అద్దంలోలా తిరుగుతుంది, గెడ వంకర, తెరచాప ఒరుగు అప్పుడే కంటపడతాయి. 100 శాతం జూమ్‌లో ఎడమ పై మూల నుంచి వరుసగా చూస్తూ తెగిన గీతలు కలిపాను. కింద తెల్ల లేయర్ పెట్టి, లేయర్లన్నీ కలిపి, థ్రెషోల్డ్ ఫిల్టర్‌తో నలుపు తెలుపులే మిగిలేలా చేసి టిఫ్‌గా సేవ్ చేశాను. కలపకుండా థ్రెషోల్డ్ వేస్తే పారదర్శక అంచులు అలాగే మిగులుతాయి. జేపెగ్ అయితే ప్రతి గీత చుట్టూ బూడిద చల్లినట్టు నుసి చేరుతుంది, ప్రెస్సులో ప్లేటు మీద అది చుక్కలుగా దిగుతుంది. రెండు బొమ్మలూ పక్కపక్కన ప్రింటు తీసి చూస్తే పడవ అంచు మౌస్‌దే బాగుంది. అలలు, వేళ్ళు, మనిషి భుజం మీది తువ్వాలు మడతలు పెన్నువి. అచ్చుకు పంపిన ఫైల్లో పడవ లేయర్ మౌస్ బొమ్మలోంచి, మిగతావి ట్యాబ్లెట్ బొమ్మలోంచి తీసుకున్నాను.